సంగీతాన్ని ఎంచినవారికీ పేరు దక్కాలి

సంపాదకులకు నమస్కారం.

ఆస్కార్‌లో పాత్రధారుల ఎంపికకు ప్రత్యేక పురస్కారం ఏర్పాటు చేయడం గురించి మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. 2025లో విడుదలైన చిత్రాలతో అది మొదలైంది. 2027 చిత్రాల నుంచి స్టంట్ల రూపకల్పనకూ పురస్కారం ఇస్తామని ఆస్కార్‌లు ఇచ్చే సంస్థ అకాడమీ ప్రకటించింది. రెండూ ఎప్పుడో జరగవలసిన పనులు. అయితే ఇంకా గడప బయటే ఉండిపోయిన పని ఒకటుంది. అది ఉన్న సంగీతంలోంచి సినిమాకు తగినదాన్ని వెతికి, ఎంచి, కూర్చడం. ఆ పని మాట వస్తే నాకు ముందు గుర్తొచ్చేది రాబీ రాబర్ట్‌సన్.

రాక్ సంగీతం వినేవారికి ఆయన 'ది బ్యాండ్' అనే బృందంలో గిటారిస్టు, పాటల రచయిత. 1965, 66లలో జానపద శైలి గాయకుడు బాబ్ డిలాన్ రాక్ వైపు మళ్లడం నచ్చని ప్రేక్షకుల గేలిని, ఆయన పక్కన ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ ఊరూరా భరించారు. 1976 నవంబరు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ బృందం ఇచ్చిన వీడ్కోలు కచేరీని సినీ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ చిత్రీకరించాడు. 2023 ఆగస్టు 9న రాబర్ట్‌సన్ కన్నుమూసినప్పుడు నేను చదివిన నివాళులు చాలావరకు ఆ కచేరీ దగ్గరే ఆగిపోయాయి. కచేరీ నాటికి ఆయన వయసు 33. పోయేనాటికి 80. మధ్యలో గడిచిన జీవితమంతా ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోవడం చూసి మనసు చివుక్కుమంది.

'రేజింగ్ బుల్', 'క్యాసినో', 'గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్', 'ది ఐరిష్‌మన్'... స్కోర్సెసీతో ఆయన అనుబంధం ఆఖరి వరకూ సాగింది. ఒక చిత్రంలో ఆయన సంగీత నిర్మాత, మరొకదానిలో సలహాదారు, ఇంకొకదానిలో స్వరకర్త.

2010లో వచ్చిన స్కోర్సెసీ చిత్రం 'షటర్ ఐలండ్' సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఆ చిత్రం కోసం కొత్తగా నేపథ్య సంగీతం రాయించలేదు. పెండెరెట్‌స్కీ, లిగెటి, జాన్ కేజ్ వంటి ఆధునిక స్వరకర్తల రచనలను రాబర్ట్‌సన్ ఏరి తెచ్చారు. కథలోని ఇద్దరు మార్షల్స్ (ప్రభుత్వ పోలీసు అధికారులు) మానసిక వైద్యశాల గేటు సమీపిస్తుంటే మంద్రస్థాయిలో తీగవాద్యాలు ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ మోదుతాయి. ఇంకా ఏమీ జరగదు, అయినా మనకు ఊపిరి ఆడదు. అది పెండెరెట్‌స్కీ సింఫనీలోని భాగం. ఇక చిత్రం ముగిశాక పేర్లు పడుతున్నప్పుడు, 1960లో గాయని డైనా వాషింగ్టన్ పాడిన పాట, స్వరకర్త మాక్స్ రిక్టర్ రాసిన తీగవాద్యాల సంగీతం మీద వినిపిస్తుంది. ఆమె 1963లో మరణించారు. రిక్టర్ పుట్టింది 1966లో. ఎన్నడూ కలవని ఆ ఇద్దరినీ కలిపి, ఒకే దుఃఖం పాడుతున్నట్టు వినిపించింది రాబర్ట్‌సన్ చెవి. ఆ పేర్లు పూర్తయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఇంతటి పనికి ఆస్కార్‌లో ఏ విభాగమూ లేదు. ఉన్న సంగీత పురస్కారాలు కొత్తగా రాసినవాటికే.

ఎంచడంలో సృజన ఏముందని కొందరు అడుగుతారు. క్యాస్టింగ్ డైరెక్టర్ నటించరు కదా, అయినా ఆ ఎంపిక కళేనని అకాడమీ ఒప్పుకుంది. పైగా ఇలా సంగీతాన్ని ఎంచే మ్యూజిక్ సూపర్‌వైజర్ పని పాట నచ్చడంతో అయిపోదు. ఒక్కో పాటకు రెండు హక్కులు సంపాదించాలి: రచనకూ బాణీకీ ఒకటి, ఆ రికార్డింగుకు మరొకటి. ఒక్కటి దొరకకపోయినా సన్నివేశానికి మళ్లీ వెతుకులాటే. టెలివిజన్ రంగంలోని ఎమ్మీలు ఈ పనికి 2017 నుంచే పురస్కారం ఇస్తున్నాయి. సినిమా ఎందుకు వెనకబడాలి?

రాబర్ట్‌సన్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, ఆయన పోయిన ఐదు నెలలకు, 2024 జనవరిలో. 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్'కు ఆయన స్వయంగా స్వరపరచిన సంగీతానికి అది దక్కింది. చమురు సంపద కోసం 1920లలో ఓక్లహోమాలో ఒసేజ్ ఆదివాసులను హతమార్చిన కథ అది. రాబర్ట్‌సన్ తల్లి కయూగా, మోహాక్ మూలాలున్న ఆదివాసి. కెనడాలోని సిక్స్ నేషన్స్ ప్రాంతంలో ఆ బంధువుల మధ్యే ఆయన చిన్నతనంలో గిటార్ పట్టడం నేర్చుకున్నారు. ఈ చిత్రంలో గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా మోగే మంద్రనాదం (బేస్) వింటుంటే, ఆయన తన సొంత మనుషుల దగ్గరికి తిరిగి వెళ్లారనిపిస్తుంది. పురస్కారం 'ఓపెన్‌హైమర్' స్వరకర్తకు వెళ్లింది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. దండలో దారంలా ఎన్నో చిత్రాలను కట్టి ఉంచిన ఆయన ఎంపికలకు పోటీలో నిలిచే అవకాశమే లేకపోయిందన్నది నా బాధ.

అకాడమీ నిర్ణయం మన చేతుల్లో లేదు. మీ పత్రిక చేయగలిగింది మాత్రం ఒకటుంది. విదేశీ చిత్రాల సమీక్ష చివర దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, స్వరకర్త పేర్లు ఇస్తున్నారు. వాటి పక్కనే సంగీతాన్ని ఎంచినవారి పేరు కూడా వేయండి. ఒక్క పంక్తి చాలు. వచ్చే వారం సమీక్ష నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు
మీ పాఠకురాలు