మన్ననూరు అడవి దారిలో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకు కృతజ్ఞతలు

గత ఆదివారం సాయంత్రం శ్రీశైలం నుంచి హైదరాబాద్ వస్తుంటే, వట్వర్లపల్లి దాటాక మా పాత స్ప్లెండర్ వెనక టైరు పంక్చరైంది. బండి మీద నేను, మా అమ్మ. ఆ పూట మాకు సాయపడినవాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. ఈ నాలుగు మాటలు ఎలాగోలా వాళ్ల దాకా చేరతాయని రాస్తున్నాను.

ఆ దారిలో వెళ్లినవాళ్లకు నా టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి వెళ్లే రోడ్డు అది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. పగటిపూట కూడా అడవిలో బండి ఆపొద్దని దారి పొడవునా బోర్డులే. ఫోన్ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆ కాసేపూ అసలే లేదు.

ముందుగా ఆగింది ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల దగ్గర పంక్చర్ కిట్ ఉంది కానీ అది ట్యూబ్‌లెస్ టైర్లకు పనికొచ్చేది. నాదేమో ఊచల చక్రం, లోపల ట్యూబు. కనీసం గాలైనా కొడదామని పంపు తీశారు. ఎక్కించిన గాలి ఎక్కించినట్టే బుస్సుమని పోయింది. అయినా కాసేపు మాతోనే ఉండి, "అన్నా, మన్ననూరు చెక్‌పోస్టులో చెప్పి పోతాం" అని బయల్దేరారు. తమ్ముళ్లూ, చెప్పే వెళ్లారని తర్వాత తెలిసింది.

ఆ వెనకే కర్ణాటక నంబరు కారొకటి ఆగింది. రాయచూరు వాళ్లట, మల్లన్న దర్శనం చేసుకుని మహబూబ్‌నగర్ మీదుగా వెళ్తున్నారు. ఆ ఇంటి పెద్దావిడ కిందికి దిగి, అమ్మ చెయ్యి పట్టుకుని "మీరు రండమ్మా, చెక్‌పోస్టు దగ్గర దించుతాం" అంది. కొత్తవాళ్ల కారు ఎక్కడమంటే మామూలుగా అమ్మ ససేమిరా అంటుంది. ఆ రోజు మాత్రం మారు మాట్లాడలేదు. వాళ్లు అమ్మని దించేసి వాళ్ల దారిన వెళ్లిపోలేదు. మన్ననూరులో హోటల్లో కూర్చోబెట్టి, టీ తాగించి, నేను వచ్చేదాకా ఓ కన్నేసి ఉంచమని హోటలాయనకు అప్పజెప్పి మరీ వెళ్లారు. అమ్మ ప్రసాదం లడ్డూ ఇవ్వబోతే వాళ్ల సంచీ తెరిచి చూపించారట, నిండా లడ్డూలే! దానికి ఇప్పటికీ నవ్వుకుంటోంది.

తర్వాత బైక్ మీద ఫారెస్ట్ వాచర్ ఒకాయన వచ్చాడు. "ఈడ ఆగొద్దు సార్" అని గట్టిగానే మొదలుపెట్టి, టైరు చూసి గొంతు తగ్గించాడు. మేమున్నది మలుపులో. ముందు వెడల్పుగా ఉన్నచోటికి బండి తీసుకెళ్దామన్నాడు. నేను హ్యాండిల్ పట్టుకుని నెడుతుంటే, ఆయన వెనక క్యారియర్ పట్టుకుని బరువు పైకెత్తుతూ నడిచాడు. గాలి లేని టైరు మీద బరువు పడితే ట్యూబు నలిగి వాల్వు దగ్గర చిరుగుతుంది, చిరిగిందా, ఇక ప్యాచ్ వేసినా నిలవదు. ఆ పైన తన వైర్‌లెస్ సెట్టులో చెక్‌పోస్టుకు చెప్పి, పంక్చర్ వేసే మనిషిని పంపమన్నాడు. అతను వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. ఎలుగుబంట్ల కబుర్లు కూడా చెప్పాడు. ఆ కబుర్లు కొంచెం ఆగి, ఊళ్లోకి వచ్చాక చెప్పి ఉంటే బాగుండేది.

ముప్పావుగంటకు టీవీఎస్ ఎక్సెల్ మీద పంక్చర్ అన్న వచ్చాడు. వస్తూనే సెంటర్ స్టాండ్ వేసి, చక్రం ఊడదీయకుండానే టైరును ఒక పక్క విప్పి ట్యూబు బయటికి లాగాడు. ముంచి చూడటానికి నీళ్ల తొట్టి లేదు కదా. ట్యూబులో గాలి నింపి, దాన్ని చెంప దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. మా సీసాలోంచి నాలుగు చుక్కలు పోస్తే అక్కడే బుడగలు. ఆకురాయితో రుద్దాడు, సొల్యూషన్ పూసి ఆరనిచ్చాడు, ప్యాచ్ అంటించి కటింగ్ ప్లేయర్ పిడితో కొట్టాడు. నేను అమ్మయ్య అనుకుని హెల్మెట్ తీసుకున్నాను.

"ఆగు సార్, ఎందుకు పోయిందో చూడాలె కదా" అన్నాడు.

పాత బట్ట ముక్కతో టైరు లోపలంతా తుడుస్తూ వచ్చాడు. ఒకచోట బట్ట పట్టేసింది. సెల్ టార్చి వేస్తే తప్ప కనిపించలేదు, వెంట్రుక మందాన ఇనప తీగ ముక్క. లారీల రేడియల్ టైర్లలో ఉక్కు తీగలుంటాయి. ఆ టైర్లు పేలినప్పుడు రోడ్డు మీద పడేవి ఇవే. "ఇది లోపలుంటే పది కిలోమీటర్లు పోకముందే మళ్ల దిగుతది" అంటూ కొరికినట్టు ప్లేయర్‌తో పట్టి లాగి, నా అరచేతిలో పెట్టాడు. చీకటి పడుతోంది, తనకూ ఇంటికి పోవాలనే ఉంటుంది. ప్యాచ్ వేసి డబ్బు తీసుకుని వెళ్లిపోయినా నాకు తెలిసేది కాదు.

ఎంతివ్వాలంటే షాపు రేటే చెప్పాడు. రానూపోనూ పెట్రోలుకైనా తీసుకో అన్నా అని బతిమాలితే ఇంకో యాభై తీసుకున్నాడు. డబ్బు తీసుకున్నాక అది సాయమెలా అవుతుందని మా బావ వాదన. పొద్దుగూకే వేళ కొట్టు కట్టేసి, అడవిలో ఎవరిదో బండి కోసం ఎక్సెల్ వేసుకుని రావడానికి రేటు ఏ బోర్డు మీద రాసి ఉంటుంది బావా?

గేటు వేయకముందే మన్ననూరు చేరాం. హైదరాబాద్ దాకా టైరులో గాలి చెక్కుచెదరలేదు.

మన్ననూరు, అచ్చంపేట వైపు వాళ్లెవరైనా ఇది చూస్తే ఆ పంక్చర్ అన్నకు ఒక మాట చెప్పండి. టైరు విప్పడానికి వాడే ఆయన ఇనప లివర్ ఒకటి మా సామాన్ల సంచిలో వచ్చేసింది. వచ్చే నెల మళ్లీ అటు వస్తున్నాం, చెక్‌పోస్టులో ఇచ్చి వెళ్తాను.