శుభలేఖ ఫొటో పంపాకే గది రాస్తాం

నమస్కారమండీ. అన్నవరం కొండ కింద లాడ్జి నడుపుతున్నాను. మొన్న మాఘమాసంలో మా దగ్గర ఒక పెళ్లివారు పడ్డ ఇబ్బంది గురించి నేనే చెప్పేస్తాను. ఎలాగూ వాళ్ల చుట్టాలందరికీ తెలిసిపోయింది.

హైదరాబాద్ నుంచి మగపెళ్లివారు తొమ్మిది గదులు అడిగారు. ఫోన్ చేసిన పెళ్లికొడుకు బాబాయిగారు "శుక్రవారం పెళ్లండీ" అన్నారు. మా కౌంటర్ కుర్రాడు "ఆయ్, అలాగేనండి" అని శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాసేసుకున్నాడు. తీరా శుభలేఖలో ఉన్నది గురువారం రాత్రి 2 గంటల 14 నిమిషాలు, తెల్లవారితే శుక్రవారం. పంచాంగానికి సూర్యోదయం దాకా గురువారమే. బాబాయిగారు చెప్పింది క్యాలెండర్ తేదీ. మధ్యలో మా రిజిస్టర్ ఒక రోజు వెనకబడింది.

గురువారం సాయంత్రం బస్సు దిగారు, నలభై మంది. గదుల నిండా వేరేవాళ్లు. వాళ్ల బామ్మగారు పసుపుకుంకాల బుట్ట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. పెళ్లికొడుకు మా ఆఫీసు గదిలో, బీరువాకీ కంప్యూటర్‌కీ మధ్య నిలబడి పంచె కట్టుకున్నాడు. తునిలో నాలుగు గదులు నా డబ్బుతోనే పట్టి, కార్లు పెట్టి పంపాను. అడ్వాన్సు మొత్తం వెనక్కిచ్చాను. తప్పు కుర్రాడిది కాదు, ముహూర్తం ఏ రాత్రో అడగాలని వాడికి నేర్పనిది నేను.

అందుకే ఇప్పుడు శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో పంపాకే గది రాస్తున్నాం. రాత్రి ముహూర్తాలకు వచ్చి తెల్లారే వెళ్లిపోయేవారికి పన్నెండు గంటల అద్దె పెట్టాం. మూఢం వెళ్లగానే వచ్చే ముహూర్తాలకు మాత్రం రేటు ఎక్కువే, దాచేదేం లేదు. మూడో అంతస్తుకు లిఫ్ట్ లేదు, ఈ ఏడాది రాదు కూడా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి, కింది గదులు ఆపుతాం.

ఇంకో మాట. కొండ మీద దేవస్థానం సత్రాల్లో గది దొరికితే అక్కడే దిగండి. ముహూర్తం వేళకు కొండెక్కే టెన్షన్ ఉండదు. నా వ్యాపారానికి మంచి మాట కాదు గానీ, నిజం ఇదే. రైలు టికెట్ తీసేముందు అన్నవరంలో ఆగుతుందో లేదో చూసుకోండి. కొన్ని ఆగవు, తునిలోనో సామర్లకోటలోనో దిగి రావాలి.

పెళ్లయ్యాక కొత్తజంట వ్రతంలో కూర్చుంటే, చుట్టాలు "దగ్గర్లో ఏమున్నాయండీ" అని నన్నే అడుగుతారు. పెద్దవాళ్లకైతే పిఠాపురం. పురుహూతికా అమ్మవారు, కుక్కుటేశ్వరస్వామి, పాదగయ అన్నీ ఒకే ప్రాంగణంలో, ఎక్కువ నడక లేదు. అక్కణ్నుంచి సామర్లకోట కుమార భీమేశ్వరుడి దగ్గరికి వెళ్లొచ్చు. శివలింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తులోకి లేచి ఉంటుంది, అభిషేకం పైన చేస్తారు. పంచారామాల్లో ఒకటి. ఆడవాళ్లు ఉప్పాడ అంటారు, జాందానీ చీరల కోసం. మగ్గం దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. బుటా బుటాకీ దారం చేత్తో ఎక్కించడం చూశాక బేరమాడబుద్ధి కాదు. సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో మాత్రం ఉప్పాడ బీచ్ రోడ్డు వద్దు, అలలు రోడ్డు మీదికే వస్తాయి. కుర్రాళ్లు తలుపులమ్మ లోవ అంటారు. అక్కడ కోడి కోసి వండుకోవడం మామూలే గనక, వ్రతం ప్రసాదాలు పంచుకోవడం అయ్యాకే బయల్దేరండి.

ప్రసాదం అంటే గుర్తొచ్చింది. విస్తరాకు పొట్లంలో ఇచ్చే ఆ గోధుమ నూక ప్రసాదాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చకండి. ఆకు వాసన పోతే సగం రుచి పోయినట్టే. ఊరికి తీసుకెళ్లాలంటే బయల్దేరే పూటే కొనుక్కోండి.