పాత ప్లాస్టర్ బొమ్మల్ని కడగొద్దు

సంపాదకులకు నమస్కారం.

జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ సంతల్లో పాత సామాన్ల మధ్య చార్మినార్, కోణార్క చక్రం, సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెక్కా వంటి వాటి ప్లాస్టర్ నమూనాల కోసం వెతికేవారికి కొన్ని సంగతులు.

ఇంటికి తేగానే చాలామంది సబ్బునీళ్లతో కడుగుతారు. బొమ్మ చెడేది అక్కడే. గట్టిపడిన ప్లాస్టర్ అంటే జిప్సమ్. లీటరు నీళ్లలో 2 గ్రాములకు పైగా కరుగుతుంది. ముందుగా అరిగేవి ముక్కు కొస, కనురెప్ప గీత, ముసుగు మడతల అంచులు. పైగా నీళ్లు మురికిని లోపలికి లాక్కెళ్లి, ఆరేటప్పుడు పసుపు మరకగా పైకి తెస్తాయి. గుడ్డతో తుడిచినా దుమ్ము రంధ్రాల్లోకి దిగుతుంది. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దులపాలి. రంగు పొడిగా రాలుతుంటే అదీ వద్దు.

పాతదో కాదో తేల్చుకోవాలంటే అడుగు తిప్పి చూడండి. బోలుగా ఉండి గోనె పీచు కనిపిస్తే మంచి గుర్తు. పలు ముక్కలు కలిపి కట్టిన అచ్చులో పోసినదైతే ఒంటి మీద సన్నటి అతుకు గీతలు వలలా ఉంటాయి. గీతలు లేనంతమాత్రాన కొత్తదనీ అనలేం, అతుకులు పెద్దగా పడని మెత్తటి జెలటిన్ అచ్చులూ పాతవే. టీ డికాషన్ పూసి పాతదనం తెచ్చే ఘనులున్నారు. ఏళ్ల దుమ్ము తల మీద, భుజాల మీద పేరుకుంటుంది; డికాషన్ మడతల గుంటల్లో నిలుస్తుంది.

చేతులు, మినార్ల వంటి సన్నటి భాగాల్లో ఇనప తీగ ఉండొచ్చు. అయస్కాంతం పెడితే తెలుస్తుంది. వానాకాలం తేమకు తీగ తుప్పుపట్టి ఉబ్బితే మినారు నిలువునా పగులుతుంది. ఆ పగుల్లో తడి ప్లాస్టర్ కూరడమంటే తుప్పుకు నీళ్లు పోయడమే. ఎత్తేటప్పుడు రెండు చేతులూ పీట కింద ఉండాలి. బాత్రూం గోడకు ఆనించిన అల్మారాలో అసలే వద్దు.

విరిగితే సూపర్ గ్లూ జోలికి పోకండి. ప్లాస్టర్ పీల్చేసుకుంటుంది, అంచున మరక మిగులుతుంది, అతుకు వంకర వస్తే విప్పడం కష్టం. మ్యూజియంలలో వాడే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురును అసిటోన్‌లో కరిగించి, ముందు పల్చగా ఒక పూత వేసి ఆరనివ్వాలి, తర్వాత చిక్కటిది పెట్టి అతకాలి. తప్పు జరిగితే అసిటోన్‌తోనే విప్పుకోవచ్చు.

అమ్మేవారికి ఒక మనవి. మెరుస్తుందని ఎనామిల్ కొట్టకండి. ధూల్‌పేట వినాయకుడికి నప్పే మెరుపు రెబెక్కా ముసుగుకు నప్పదు, సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. దుమ్ముతో ఉన్నదే అడిగి కొనేవాళ్లం ఉన్నాం.

— పాత బొమ్మల సేకరణదారులు కొందరు, హైదరాబాద్