‘డేటా మొత్తం ఉందన్నా’ అంటే సరిపోదు

సంపాదకులకు,

కావలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పోయిన శ్రావణంలో, ముహూర్తాల ముందు, సిస్టంలో హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలెట్టింది. నెల్లూరులో ఒక సర్వీస్ షాపుకు పట్టుకెళ్లా. రెండు రోజులకు కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) వేసి, "డేటా మొత్తం ఎక్కించేశానన్నా, ఒక్క ఫైలూ పోలేదు" అన్నాడు. నిజమే, పోలేదు. కొట్టుకొచ్చి పెళ్లిపత్రిక తెరిస్తే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు! పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వేశాడు గానీ, నేను తెలుగుకు వాడే అనూ ఫాంట్లు లేవు. అవి యూనికోడ్ (ఏ సిస్టంలోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు కాబట్టి ఫాంట్ లేకపోతే తెలుగే లేదు. ఆ ఫాంట్ల సీడీ ఇల్లు మారినప్పుడే పోయింది.

అదృష్టం, పాత డిస్కు అడిగి తెచ్చుకున్నా. ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు ఆదివారం వచ్చి చూసి, "మామా, ఫైళ్లు కాపీ చేయడం వేరు, డిస్కును క్లోన్ చేయడం వేరు" అన్నాడు. నాది విండోస్ 7. అది పెట్టుకున్న 100 ఎంబీ చిన్న పార్టిషన్ (డిస్కులో విడిగా ఉండే భాగం) ఒకటి మనకు కనిపించదు, సిస్టం లేచేది అక్కడినుంచేనట. క్లోన్ చేస్తే, అంటే డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దించితే, దాంతో సహా విండోస్, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ యథాతథంగా వస్తాయి.

ఇలా క్లోన్ చేసే క్లోనెజిల్లా సాఫ్ట్‌వేర్ ఉచితమే, పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాడు. షాపువాడు వేసిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పనికిరాలేదు. నేను వాడింది 110 జీబీయే అయినా పాత డిస్కు 500 జీబీది, కొత్తది అంతకంటే చిన్నదైతే క్లోనెజిల్లా మామూలుగా ఒప్పుకోదు. 512 జీబీది కొనుక్కొచ్చా. ఏది పాతది, ఏది కొత్తదని మోడల్ నంబర్లు పైకి చదివి చూసుకున్నాం. తారుమారైతే ఖాళీ డిస్కు వెళ్లి నిండు డిస్కు మీద పడుతుంది మరి. ‘వై’ కొట్టమని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ నా చెయ్యి వణికింది. గంటకు పైగా పట్టింది. ఎక్కడ కరెంటు పోతుందోనని ఒకటే టెన్షన్. అయ్యాక పాత డిస్కు తీగ పీకేసి, కొత్తదొక్కటే ఉంచి ఆన్ చేశాం. అదే వాల్‌పేపర్, అదే అనూ కీబోర్డు!

ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేస్తే వైరస్‌లు పోతాయి, క్లోన్ చేస్తే అవీ వెంట వస్తాయి, కాదనను. విండోస్ 7కు 2020 జనవరితో అప్‌డేట్లు ఆగిపోయాయనీ తెలుసు. అందుకే ఆ సిస్టంకు నెట్ కనెక్షన్ ఇవ్వలేదు. కానీ ఫార్మాట్ చేయాలా, క్లోన్ చేయాలా అని షాపువాళ్లు ముందు మమ్మల్ని అడగాలి కదా. కొత్త డిస్కుతో సిస్టం ఆన్ చేసి, మా ఫైలు ఒకటి మా ముందే తెరిచి చూపించి డబ్బులు తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. మీ జిల్లా పేజీలో ఈ సంగతి ఒకసారి వివరంగా రాయగలరని మనవి.

పాత డిస్కును ఫార్మాట్ చేయలేదు. పెళ్లిపత్రిక కవర్లో చుట్టి, పైన తేదీ వేసి బీరువాలో పెట్టాను.

ఇట్లు,
డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, కావలి