మన సంఘం వార్షిక నివేదిక, 2024–25 (ఈస్ట్ హామ్, లండన్)

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారిగారి లెక్కల్లో ఉన్నాయి కాబట్టి నేను మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మనం ఎక్కువ శ్రమ పెట్టింది ఒక ఫోన్ నంబరు మీద. జాతి ద్వేషం వల్ల ఇబ్బంది పడేవాళ్లు రాత్రిపూట కూడా చేయగలిగే సాయం నంబరు అది. దాని గురించే వివరంగా చెప్పాలి.

2024 జూలై 29న సౌత్‌పోర్ట్‌లో డాన్స్ క్లాసుకు వెళ్లిన ముగ్గురు చిన్నారులు కత్తిపోట్లకు చనిపోయారు. చంపినవాడు పడవలో వచ్చిన శరణార్థి అని సోషల్ మీడియాలో అబద్ధం పాకింది. అతను కార్డిఫ్‌లో పుట్టినవాడని పోలీసులు చెప్పినా చాలామంది చెవికెక్కలేదు. మర్నాడే ఆ ఊరి మసీదు మీద ఇటుకలు పడ్డాయి. ఆగస్టు 4న రాథరమ్ దగ్గర శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టాలని చూశారు. 6న మన హైకమిషన్ జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. 7వ తేదీ బుధవారం రాత్రి వలస కేసులు చూసే లాయర్ల ఆఫీసుల మీద పడతామంటూ ఒక జాబితా తిరిగింది. మన పక్కనే ఉన్న వాల్తమ్‌స్టో కూడా అందులో ఉంది.

ఆ సాయంత్రం మన ఫోన్ ఆగకుండా మోగింది. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒక విద్యార్థి, "అన్నా, బస్సు ఎక్కొచ్చా? షిఫ్ట్ మానేస్తే ఈ వారం అద్దె కట్టలేను" అన్నాడు. ఇంకో లైన్‌లో ఖమ్మం నుంచి వాళ్లమ్మ ఫోన్ చేస్తూనే ఉందట, ఆ టెన్షన్ అతని గొంతులోనే తెలిసింది. మన సభ్యుడొకరు కారులో తీసుకెళ్లి దింపి, తెల్లవారి ఆరింటికి మళ్లీ వెళ్లి తీసుకొచ్చారు. అదే రాత్రి మనవాళ్లు నలుగురు వాల్తమ్‌స్టో వెళ్లారు. షాపులకు ప్లైవుడ్ చెక్కలు కొట్టి ఉన్నాయి. ఒక షాపాయన షట్టర్ సగం ఎత్తి, కింద నుంచే నీళ్ల సీసాలు అందించాడట. వీధి నిండా వేలమంది జనం. దాడి జరగలేదు. వాళ్లల్లో ఒక అక్క పులిహోర పొట్లాలు తీసుకెళ్లింది. పక్కన నిలబడ్డ ముసలాయన ఒక పొట్లం తీసుకుని, 1970ల్లో వలసవాళ్లను వెళ్లగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ వాళ్లకు ఎదురు నిలబడ్డ రోజుల గురించి ఆమెకు చాలాసేపు చెప్పాడు.

ఫోన్ పెట్టాలన్న ఆలోచన మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1980 జూలై 17న మన ఈస్ట్ హామ్‌లోనే అఖ్తర్ అలీ బేగ్ అనే యువకుడిని జాతి ద్వేషంతో పొడిచి చంపారు. ఆ కోపంలోంచే న్యూహామ్ మానిటరింగ్ ప్రాజెక్ట్ పుట్టింది. రాత్రీపగలూ పనిచేసే హెల్ప్‌లైన్ పెట్టి, వాలంటీర్లే ఫోన్ ఎత్తేవారు. రాత్రి పది దాటాక మన ఆడపిల్లలు హై స్ట్రీట్‌లో నడుచుకుంటూ ఇంటికొస్తున్నారంటే, అది మనకంటే ముందొచ్చిన పంజాబీలు, బెంగాలీలు, కరీబియన్ కుటుంబాలు, వాళ్లతో నిలబడ్డ తెల్లవాళ్లు పోట్లాడి సంపాదించిపెట్టిన వీలు. "మనం చదువుకోవడానికొచ్చాం, ఈ గొడవలు మనకెందుకు" అని కార్యవర్గంలోనే ఒకరిద్దరు అన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. వీసా మీదున్న పిల్లాడు అరెస్టు మాట వింటేనే వణుకుతాడు. అయినా నేను ఒప్పుకోలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన హైదరాబాదు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను "మా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చినవాడు ఆయనకు సరైన వీసా ఉందని వదిలిపెట్టలేదు. ఆ రోజు హంతకుణ్ణి ఆపబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్ "నాకెందుకు" అనుకోలేదు.

అక్టోబరు మొదటి ఆదివారం పిల్లల్ని కేబుల్ స్ట్రీట్‌కు తీసుకెళ్లాం. 1936 అక్టోబరు 4న బ్రిటిష్ ఫాసిస్టు నాయకుడు మోస్లీ నల్లచొక్కాల దండు యూదుల పేటలోంచి కవాతు చేయబోతే, యూదులు, ఐరిష్ డాక్ కార్మికులు, కమ్యూనిస్టులు అడ్డుగోడలు కట్టి ఆపిన వీధి అది. దండుకు దారి చేయడానికి వేలమంది పోలీసులు వచ్చారు. ఆడవాళ్లు కిటికీల్లోంచి చేతికందినదల్లా కుమ్మరించారు. చివరికి కవాతు వెనక్కి మళ్లింది. పాత టౌన్‌హాలు గోడ మీద ఆ పోరాటాన్ని చూపే పెద్ద బొమ్మ ముందు మా ఎనిమిదేళ్ల పాప, "వీళ్లల్లో మనవాళ్లు ఎవరు?" అని అడిగింది. ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి, ఈయన కుట్టుపని చేసేవాడు, ఈవిడ పిల్లల తల్లి అని కథ అల్లి చెప్పాం. అక్కడి నుంచి ఆల్తాబ్ అలీ పార్కుకు నడిచాం. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికెళ్తూ హత్యకు గురైన బంగ్లాదేశీ బట్టల కార్మికుడి పేరు అది. పది రోజుల తర్వాత సుమారు 7,000 మంది ఆయన శవపేటిక వెంట డౌనింగ్ స్ట్రీట్ దాకా నడిచారు.

ఒక మనవి. ఈ ఏడాది ఒక కుటుంబం తలుపు మీద రాతలు రాస్తే, ఇళ్ల ఆఫీసువాళ్లు "పిల్లల అల్లరి" అని ఫైలు మూసేశారు. నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ హత్య కేసులో పోలీసుల తీరుపై వచ్చిన 1999 మాక్‌ఫర్సన్ నివేదిక తర్వాత ఇక్కడ పద్ధతి వేరు. ఒక నేరం జాతి ద్వేషంతో జరిగిందని బాధితుడికిగానీ చూసినవారికిగానీ అనిపిస్తే, పోలీసులు దాన్ని అలాగే నమోదు చేసుకోవాలి. ఆ కుటుంబం మనతో వచ్చి మళ్లీ ఫిర్యాదు చేశాకే కదలిక వచ్చింది. ఫొటో తీయండి, తేదీ, టైం రాసుకోండి, మనకు చెప్పండి. అత్యవసరమైతే ముందు 999.

మన తప్పు కూడా రాయాలి. డిసెంబరులో సెలవుల వల్ల మూడు రాత్రులు ఫోన్ ఎవరూ ఎత్తలేదు. అప్పుడు చేసినవాళ్లకు క్షమాపణ చెప్పాం. ప్రస్తుతం రాత్రి డ్యూటీకి ఉన్నది ఐదుగురమే. మంగళ, బుధవారాలు ఖాళీగా ఉన్నాయి. ఇంగ్లీషు బాగా రానక్కర్లేదు, ఫోన్ ఎత్తి ఓపిగ్గా వింటే చాలు. సర్వసభ్య సమావేశంలో తలుపు దగ్గర పుస్తకం పెడతాం, పేరు, వారంలో వీలైన రోజు రాయండి.

కార్యదర్శి