మేనేజర్లమూ ఉద్యోగులమే, మా లెక్క తీయండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాను, నర్సుని కాను, యాజమాన్యం మనిషిని అసలే కాను. బెడ్లు, బిల్లింగ్, లిఫ్టులు, ఆక్సిజన్, అంబులెన్స్, హౌస్ కీపింగ్, అన్నీ మా చేతుల మీదుగానే నడుస్తాయి. మాలాంటి వాళ్లు ఈ నగరంలో ప్రతి రంగంలోనూ ఉన్నారు. జీడిమెట్ల, బొల్లారం ఫార్మా యూనిట్లలో ప్రొడక్షన్ మేనేజర్లు, జీనోమ్ వ్యాలీలో క్వాలిటీ మేనేజర్లు, మేడ్చల్, శంషాబాద్ గోడౌన్లలో వేర్‌హౌస్ మేనేజర్లు, కోకాపేట టవర్ల దగ్గర ప్రాజెక్ట్ మేనేజర్లు. మేం ఎంతమందిమి, ఎన్ని గంటలు పనిచేస్తున్నాం, మాలో ఆడవాళ్లెందరు, ఏ వయసులో ఈ పని వదిలేస్తున్నాం? ఈ లెక్క తీసి అందరి ముందూ పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

మా పని ఎలా ఉంటుందో ఒక్క డిశ్చార్జ్ చూస్తే తెలుస్తుంది. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారు ‘ఇంటికి వెళ్లొచ్చు’ అంటారు. ఇంటివాళ్లు బ్యాగులు సర్దుకుని కూర్చుంటారు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, ల్యాబ్ బాకీలు తేలాలి, డిశ్చార్జ్ సమ్మరీ మీద డాక్టర్ సంతకం పడాలి, బిల్లు ఇన్సూరెన్స్‌కి వెళ్లాలి. చివరి అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లోనే చెప్పింది. అయినా మధ్యలో బీమా కంపెనీ నుంచి ఒక క్వెరీ వస్తుంది, ఫైల్ మళ్లీ వార్డుకి వెళ్తుంది. అదే సమయంలో కింద క్యాజువాలిటీలో ఇంకొకరు ఆ బెడ్ కోసమే స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటారు. పై అంతస్తులో కోపం, కింద భయం. రెండుచోట్లా నిలబడి సమాధానం చెప్పాల్సింది మేనేజరే. రాత్రి జనరేటర్ ఆగితే ఫోన్ వచ్చేదీ మాకే. ఆ గంటలు ఏ రోస్టర్‌లోనూ ఎక్కవు.

ఇక చట్టం సంగతి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రధానంగా మేనేజర్ హోదాలో పనిచేసేవాళ్లను ‘వర్క్‌మన్’ (కార్మికుడు) నిర్వచనంలోంచి తీసేసింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే దారిలో నడిచింది. అంటే మమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తే లేబర్ కోర్టుకి వెళ్లే దారి లేదు. కానీ ప్రమాదం జరిగినప్పుడు మాత్రం మేం గుర్తొస్తాం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రతి ఫ్యాక్టరీకి మేనేజర్ ఎవరో పేరుతో సహా ముందే రాసి ఇమ్మంది, ఉల్లంఘన జరిగితే ఆక్యుపయర్‌తో (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తితో) పాటు మేనేజర్ కూడా శిక్షార్హుడే అంది. బాధ్యత మోయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ పని ఇది. కానీ సేఫ్టీకి డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఆ మేనేజర్ చేతిలో ఎంత ఉంది, ‘ఈ రియాక్టర్ ఆపండి’ అన్నందుకు ఉద్యోగం పోతే అతని పక్కన ఎవరు నిలబడతారు? ఈ ప్రశ్నని మీ శాఖ వేయాలి, జవాబు కూడా వెతకాలి.

ఒక్క విషయంలో ఊరట ఉంది. కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన వేతనాల కోడ్ ‘ఉద్యోగి’ నిర్వచనంలో మేనేజర్లను కూడా చేర్చింది. రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన జీతం 2 పనిదినాల్లో ఇవ్వాలంది. వాస్తవం వేరు. మా స్నేహితురాలు ఒక సంస్థలో స్టోర్స్ మేనేజర్‌గా మానేసి నెలలు గడిచినా ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్క డబ్బు) చేతికి రాలేదు. అడుగుదామంటే రిలీవింగ్ లెటర్ వాళ్ల దగ్గరే ఉంది. అది లేకపోతే కొత్తచోట చేర్చుకోరు. ఇక నోరెలా తెరుస్తుంది?

మన దేశంలో వృత్తుల వర్గీకరణ లేక కాదు. జాతీయ వృత్తుల వర్గీకరణ 2015లో ఆరోగ్య సేవల మేనేజర్, ఐటీ మేనేజర్ లాంటి పనులకు విడివిడిగా కోడ్‌లు ఉన్నాయి. అయితే దాని మొదటి విభాగంలో చట్టసభల సభ్యులు, ఉన్నతాధికారులు, మేనేజర్లు ఒకే గుంపు. గుంపు అంకె చూస్తే మా గురించి తెలిసేది సున్నా. ఆస్ట్రేలియాలో స్పెషలిస్ట్ మేనేజర్లను ఒక వర్గంగా పెట్టి, అందులో ఫైనాన్స్, హెచ్ఆర్, నిర్మాణం, ఆరోగ్యం, ఐటీ ఇలా విడదీసి, ఒక్కో పనిలో ఎంతమంది, మహిళల వాటా ఎంత, వయసెంత, వారానికి ఎన్ని గంటలు అని ప్రచురిస్తారు. అక్కడ శాశ్వత నివాసానికి (పీఆర్‌కి) అప్లై చేసుకునే మన హైదరాబాద్ పిల్లలు ఆ వివరాలన్నీ చదువుతారు. మెల్‌బోర్న్‌లో ఆసుపత్రి మేనేజర్ బతుకెలా ఉంటుందో ఇక్కడి పిల్లలకి తెలుస్తోంది. సోమాజిగూడలో ఎలా ఉంటుందో మాత్రం తెలియడం లేదు.

ఇది తెలియకుండానే తల్లిదండ్రులు లక్షలు పోసి ఎంబీఏ, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివిస్తున్నారు. పిల్లలు పుట్టాక ఈ పని వదిలేసిన ఆడవాళ్లని నేను చాలామందిని చూశాను. చూశానన్న నా మాట మీద పాలసీ రాయలేరు కదా, అందుకే లెక్క కావాలి.

కొత్తగా పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో వృత్తి కూడా అడిగారు. ఫ్యాక్టరీల శాఖ దగ్గర మేనేజర్ల పేర్లు ఉన్నాయి. అర్థగణాంక శాఖతో కూర్చుని, పేర్లు బయటపెట్టకుండా, హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి జిల్లాలకు వృత్తివారీ పట్టిక ఒకటి తయారు చేయించండి. బడ్జెట్‌తో పాటు ఏటా వచ్చే సామాజిక ఆర్థిక నివేదికలో దానికి నాలుగు పేజీలు ఇవ్వండి. ఈలోగా, ఆగిపోయిన జీతాల మీద మేనేజర్లు ఫిర్యాదు చేస్తే ‘మీరు వర్కర్ కాదు’ అని వెనక్కి పంపొద్దని, వేతనాల కోడ్ కింద తీసుకోవాలని జిల్లా కార్మిక కార్యాలయాలకు ఒక సర్క్యులర్ పంపండి. దానికి ఆ పట్టిక తయారయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ఆసుపత్రి ఆపరేషన్స్ మేనేజర్, హైదరాబాద్