మధ్యాహ్నం పూట తిరుపతిని చూపించొద్దండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మేము తిరుపతి వాళ్ళం, ఎండాకాలం సెలవులు ఇచ్చినారంటే మా ఇంట్లో చుట్టాలు లేని వారం ఉండదు, ఈ ఊర్లో ఇల్లున్న ఎవర్ని అడిగినా ఇదే మాట చెప్తారు. వచ్చేవాళ్ళు రావాల్సిందే, పిల్లలకి సెలవులు ఉండేది అప్పుడే, పెద్దవాళ్ళకి లీవు దొరికేదీ అప్పుడే, కాబట్టి ఎండల్లో ఎందుకొస్తారు అని నేను అనను. దర్శనం గురించి కూడా కాదు నేను రాసేది, కొండ మీద కంపార్ట్‌మెంట్లలో ఫ్యాన్లు ఉంటాయి, మజ్జిగ ఇస్తారు, మాడ వీధుల్లో కాళ్ళు కాలకుండా తెల్ల పెయింట్ వేస్తారు, చలువ పందిళ్ళు వేస్తారు. దర్శనం అయిపోయి కిందికి దిగినాక మిగిలే ఒకటి ఒకటిన్నర రోజు ఉంటుంది చూడండి, లోకల్ గుళ్ళు, కోట, జలపాతం అని తిరుగుతారే, దాని గురించి రాస్తున్నాను, ఎందుకంటే జనం ఎండదెబ్బ తినేది ఎక్కువగా అక్కడే.

ప్రతి ఏడాదీ చూస్తా ఉన్నాను, అందరి ప్రోగ్రామూ ఒకటే. కొండ దిగి అలసిపోయి పడుకుంటారు, పొద్దున ఎనిమిదికి లేచి స్నానాలు టిఫిన్లు అయ్యేసరికి పదవుతుంది, అప్పుడు కారు మాట్లాడుకుని తిరుచానూరు, అక్కడ క్యూలో గంట, తర్వాత శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోటకి చేరేసరికి సరిగ్గా పన్నెండున్నర ఒంటిగంట, రెండున్నరకి కపిలతీర్థం. అంటే రోజులో ఏ నాలుగు గంటలు ఇంట్లో ఉండమని ప్రభుత్వం నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తుందో కరెక్టుగా ఆ నాలుగు గంటలూ రోడ్డు మీదా రాళ్ళ మీదా ఉంటారు, సాయంత్రం చల్లబడే టైముకి రూముకి వచ్చి ట్రైను టైము అయిందని బ్యాగులు సర్దుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అన్లేదు కదా, మా చిత్తూరు వైపు కత్తిరి ఎండలు అంటారు, మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా ఉంటాయి, ఆ రోజుల్లో ఈ ఊరి వాళ్ళం పదకొండు దాటితే గడప దాటం, బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఆ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు.

పేపర్లో 42 డిగ్రీలు అని వేస్తారు, అది నీడలో, గాలి ఆడే పెట్టెలో, నేల నుంచి నాలుగడుగుల పైన పెట్టిన థర్మామీటరు చెప్పే లెక్క. మైదాన ప్రాంతాల్లో 40 దాటి మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి అంటుంది వాతావరణ శాఖ, 45 తగిలితే ఇంక మామూలుతో పోల్చి చూసే పని కూడా లేదు. కానీ గుడికి పోయేవాళ్ళు నిలబడేది నీడలో కాదు, ఎండలో కాలిన బండరాయి మీద, అదీ చెప్పుల్లేకుండా. శ్రీకాళహస్తిలో చెప్పులు వదిలిన చోటు నుంచి గోపురం దాకా పిల్లలు ఎట్లా పరిగెత్తుతారో చూడండి, ఒక అడుగు వేసి ఇంకో కాలు పైకి లేపి, అమ్మ కొంగు పట్టుకుని ఎగురుతా పోతారు, వాళ్ళకి అది ఆట అనుకుంటారు చూసేవాళ్ళు, కాదు, అరికాళ్ళు కాలతా ఉంటాయి, రాత్రికి బొబ్బలు వస్తాయి. షుగరు ఉన్న పెద్దవాళ్ళకి ఇంకా కష్టం, కాలికి స్పర్శ తక్కువ కాబట్టి కాలింది కూడా తెలియదు, పుండు పడినాకే తెలుస్తుంది. మందపాటి కాటన్ సాక్సు ఒక జత బ్యాగులో పెట్టుకుంటే చాలు, గుడి ద్వారం దాకా వేసుకుని అక్కడ తీసేయొచ్చు.

పోయిన మే నెలలో చంద్రగిరి కోటలో నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ళల్లో డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. రాజమహల్ లోపల ఉన్నంతసేపు బాగానే ఉంది, ఆ పాత సున్నపు గోడలు అంత మందం ఉంటాయి కాబట్టి లోపల చల్లగానే ఉంటుంది, బయటికి వచ్చి రాణిమహల్ దాకా ఎండలో నడిచినారు, అక్కడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. కొడుకు "ఏంటమ్మా" అంటే ఏదో సంబంధం లేని మాట మాట్లాడింది, మనవడి పేరు మర్చిపోయింది, చెయ్యి ముట్టుకుంటే పొయ్యి మీద పెట్టిన పెనంలా కాలిపోతా ఉంది, చెమట లేదు. వాళ్ళు చేసిన మొదటి పని నోట్లో కూల్‌డ్రింక్ పొయ్యబోవడం. పక్కన కొబ్బరి బోండాలు అమ్మే ఆయన పరిగెత్తుకొచ్చి ఆపినాడు, "ముందు ఒళ్ళు తడపండబ్బా, నీళ్ళు తాగించేది తర్వాత" అని బిందెలో నీళ్ళు తెచ్చి చీర మీదే పోసినాడు, ఇద్దరు తువ్వాళ్ళతో విసిరినారు, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి మెడ దగ్గరా చంకల్లో పెట్టినారు, ఇంకొకరు 108 కి ఫోను చేసినారు. అంబులెన్సు వచ్చేసరికి ఆవిడ కళ్ళు తెరిచి చూస్తా ఉంది. ఆయన చేసింది అక్షరాలా డాక్టర్లు చెప్పేదే.

నీరసం, తలనొప్పి, కాళ్ళు పీకడం, ఒళ్ళంతా చెమట, ఇంతవరకు అయితే నీడకి తీసుకుపోయి నీళ్ళు తాగించి పడుకోబెడితే తేరుకుంటారు. మాట తడబడినా, మనిషిని గుర్తు పట్టకపోయినా, తూలినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ, చెమట పట్టినా పట్టకపోయినా సరే, ఒంటి వేడి 40 డిగ్రీలకి పోయి ఉంటుంది, ఒళ్ళు చల్లబరచడం తప్ప ఆ నిముషంలో ఇంకో మందు లేదు, స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి ఎప్పుడు చూడాలి అంటారా, పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక విడత, సాయంత్రం అయిదు తర్వాత ఒక విడత, మధ్యలో రూములోనో, లేకపోతే సైన్స్ సెంటరు లాంటి పైకప్పు ఉన్న చోటో ఉండాలి. గుళ్ళు పొద్దున్నే తెరుస్తారు, తిరుచానూరు పొద్దున్నే చూసుకుంటే జనమూ తక్కువ ఎండా తక్కువ. కపిలతీర్థంలో జలపాతం చూస్తాం అని మేలో వస్తారు పాపం, అక్కడ నీళ్ళు దూకేది వానలు పడినాకే, ఎండాకాలంలో ఉండేది సన్న ధార, అదీ ఉంటే. నీళ్ళు కావాలంటే తలకోన పోవాలి, అడవి నీడ కూడా ఉంటుంది, అదీ పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం చెట్ల కింద ఉండేట్టు చూసుకోవాలి. మదనపల్లె వైపు హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, కిలోమీటరు ఎత్తుకి ఆరు డిగ్రీల పైనే తగ్గుతుంది కాబట్టి అక్కడ తేడా తెలుస్తుంది. తిరుమల కూడా కింద కంటే అయిదారు డిగ్రీలు తక్కువే, అట్లని మధ్యాహ్నం ఎండలో తిరగొచ్చని కాదు, ఎండ ఎండే.

నడక దారి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు, చాలా మటుకు పైకప్పు ఉంది, కానీ పైకప్పు ఎండని ఆపుతుంది గానీ ఉక్కని ఆపదు, గాలిగోపురం దాకా ఉండే నిలువు మెట్లు ఎక్కేటప్పుడు ఒళ్ళు తనంతట తనే వేడి పుట్టిస్తుంది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా అని సులువు అనుకుంటారు, దూరం తక్కువ కాబట్టి ఏటవాలు ఎక్కువ. చల్లగా ఉంటుందని రాత్రి నడుస్తాం అంటే పిల్లలున్న వాళ్ళకి కుదరదు, 2023లో చిరుత దాడిలో చిన్న పాప చనిపోయినాక పిల్లల్ని మధ్యాహ్నం తర్వాత పంపకుండా ఆంక్షలు పెట్టినారు, అది పెట్టాల్సిందే. కాబట్టి పిల్లలతో మొక్కు ఉన్నవాళ్ళకి మిగిలేది తెల్లవారుజామే, దారి తెరిచీ తెరవక ముందే కింద ఉండాలి. బీపీకి ఒంట్లో నీళ్ళు మూత్రంలో పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి, ఎన్ని నీళ్ళు తాగాలో వాళ్ళకి వేరే లెక్క ఉంటుంది.

తాగేదాని గురించి. మన ఊర్లో నన్నారి షర్బత్ ఉంది, ముంజలు ఉన్నాయి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉంది, రాగి అంబలి ఉంది, ఇవి వదిలేసి రంగు సీసాలు తాగుతారు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ పూర్తిగా లీటరు నీళ్ళలో కలపాలి, చిన్న సీసాలో సగం వేసి అందాజుగా కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది, జ్యూసులోనో కూల్‌డ్రింకులోనో అయితే అసలు కలపకూడదు. డబ్బా మీద ఓఆర్ఎస్ అని రాసి చక్కెర నీళ్ళు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆర్డరు ఇచ్చింది, ఆవిడకి చేతులెత్తి మొక్కాలి. ఇంకోటి, గాలే ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు ఉత్త ఫ్యాను కింద కూర్చుంటే వేడి గాలి తగలడమే, తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని కూర్చుంటేనే ఒళ్ళు చల్లబడుతుంది. పిల్లలు నిద్రపోయినారని కార్లో వదిలి గుడిలోకి పోవద్దు, అద్దాలు మూసిన కార్లో పది నిముషాల్లో పది డిగ్రీలు పెరుగుతుంది. అట్లాగే డ్రైవర్లు, పాపం యాత్రికులు గుడిలో ఉన్నంతసేపు పార్కింగ్‌లో ఆ డబ్బాలోనే కూర్చుని ఉంటారు, వాళ్ళకి నీడ ఉందా నీళ్ళు ఉన్నాయా అని అడిగేవాళ్ళు లేరు.

ఇప్పుడు అధికారులకి నా మనవి. చంద్రగిరి కోట మ్యూజియం పదింటికి తెరిచి అయిదింటికి మూస్తే ఎండాకాలంలో జనం ఎండలో కాక ఎప్పుడు పోవాలి? 1639లో మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషోళ్ళకి ఇచ్చింది ఈ చంద్రగిరి రాజుల కాలంలోనే, అట్లాంటి చోటుని నిదానంగా చూసుకోవాలి కదా. ఏప్రిల్ మే రెండు నెలలు పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు అని టైం మార్చండి, సిబ్బందికి కూడా అదే మేలు. చలివేంద్రాలు బస్టాండు దగ్గరా సర్కిళ్ళలోనూ పెడుతున్నారు, సంతోషం, గుడిమల్లం, నారాయణవనం, నాగలాపురం లాంటి చిన్న ఊళ్ళల్లో గుడి ముందర కూడా ఒక పందిరి, రెండు కుండలు, తడిపిన గోనెపట్టా పరిచిన దారి ఉంటే చాలు. చెప్పుల స్టాండు గేటుకి ఆనుకుని ఉండాలి, రోడ్డు అవతల కాదు. విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళు ఫలానా మండలంలో వడగాలి అని మెసేజ్ పంపుతారు, బయటి ఊరి వాళ్ళకి అది ఏ మండలమో యాడుందో ఏం తెలుస్తుంది, ఇక్కడికి వచ్చేవాళ్ళల్లో తమిళులు కన్నడిగులు ఎంతమంది, ఆ హెచ్చరిక బస్టాండులో, రైల్వేస్టేషన్లో, సత్రాల రిసెప్షన్లో వాళ్ళ భాషల్లో కూడా ఉండాలి.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. రోజూ తిరుమల సమాచారం అని వేస్తారు, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండినాయి, దర్శనానికి ఎన్ని గంటలు అని, వచ్చేవాళ్ళు ముందు చూసేది ఆ డబ్బానే. దాని కిందనే మే నెలాఖరు దాకా ఒక రెండు లైన్లు, ఇవాళ తిరుపతిలో ఎండ ఎంత, బయట తిరగడానికి ఏ టైము నుంచి ఏ టైము దాకా పర్లేదు అని వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.